నాటు జాతికి ఎంత ముప్పు ఉందో లెక్కగట్టడం ఎలా? ఊరి మంద నుంచి నివేదిక దాకా

ఒక నాటు పశుజాతికి ఎంత ముప్పు ఉందో మొత్తం తలల లెక్క చూసి చెప్పబోతే తరచూ తప్పుతాం. పదివేల పశువులున్నా పది ఆంబోతుల మీదే నడుస్తున్న జాతి లోలోపల కూలిపోతున్నట్టే. వెయ్యి ఆవులే మిగిలినా, రక్తసంబంధం లేని యాభై ఆంబోతులు తిరుగుతూ, పుట్టిన పెయ్యలు ఊళ్ళోనే నిలుస్తుంటే ఆ జాతి ఇంకా కోలుకోగలదు. అందుకే ఈ పనిలో దిగేముందు మూడు ప్రశ్నలు గట్టిగా పట్టుకోవాలి. విత్తనానికి పనికొచ్చే మగవి ఎన్ని? ఆడవి ఏ మగవాటితో దాటుతున్నాయి (జతకడుతున్నాయి)? మందలన్నీ కలిపి ఎంత మేరలో ఉన్నాయి?

హైదరాబాద్‌లో ఉండి ఈ పని చేయాలనుకునేవారికి చేతికందే దూరంలోనే జాతులున్నాయి. శ్రీశైలం రోడ్డు పట్టుకుని వెళ్తే అమ్రాబాద్ వైపు పొడ తూర్పు ఆవులు, పాలమూరు, మెదక్ జిల్లాల్లో దక్కనీ గొర్రెలు, బీదర్ సరిహద్దు వైపు దేవని పశువులు కనిపిస్తాయి. నగరంలో రాజేంద్రనగర్‌లోనే పశువైద్య విశ్వవిద్యాలయం, కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ ఉన్నాయి. నలుగురున్న బృందం పద్ధతిగా చేస్తే ఒక జాతిని ఒక సీజన్‌లో అంచనా వేయవచ్చు. కింద చెప్పేవన్నీ ఎక్కువగా ఆవుల ఉదాహరణతో ఉంటాయి. గొర్రె, మేక, కోళ్ళకు మారేచోట విడిగా చెప్పాం.

1. ముందు జాతికి హద్దు గీయండి

ఏది ఈ జాతి, ఏది కాదు అన్నది ఇంటి నుంచి బయల్దేరకముందే కాగితం మీద రాసుకోవాలి. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో నమోదు చేసిన జాతి అయితే దాని లక్షణాల వివరణ దొరుకుతుంది. దాన్ని పదీ పన్నెండు గుర్తులుగా కుదించి, బృందంలో అందరూ ఒకే పశువును చూసి ఒకే మాట చెప్పేదాకా సాధన చేయాలి. ఇద్దరు చూసి ఇద్దరూ వేర్వేరుగా చెబితే ఆ గుర్తు పనికిరాదు, తీసేయండి.

ఒక్క గుర్తుతో జాతిని తేల్చడం అన్నిటికన్నా తరచుగా జరిగే పొరపాటు. ఒంటిమీద మచ్చలు ఉన్నంత మాత్రాన పొడ తూర్పు కాదు. దేవనిలో షేవ్రా రకానికీ మచ్చలుంటాయి. పొట్టిగా ఉన్నంత మాత్రాన పుంగనూరు కాదు. మలనాడు గిడ్డ, వేచూరు కూడా పొట్టి పశువులే. పుంగనూరు అనాలంటే 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుతో పాటు చిన్న నెలవంక కొమ్ములు, నేలను తాకబోయే తోక, వెడల్పైన నుదురు కలిసి కనబడాలి, తల్లి ఎక్కడిదో కూడా తెలియాలి.

గొర్రెల దగ్గర కంటి చూపు చాలదు, చెయ్యి పెట్టాల్సిందే. దక్కనీ గొర్రె నల్లగా కనబడితే సరిపోదు. భుజం మీద, పక్కటెముకల మీద, తొడ మీద మూడుచోట్ల ఉన్నిని రెండు వేళ్ళతో విడదీసి చర్మం దాకా చూడాలి. వీపు మీద ఉన్ని ఉండి, తొడ దగ్గర పొట్టి నున్నని వెంట్రుకలే ఉంటే ఎక్కడో నెల్లూరు పొట్టేలు రక్తం కలిసింది. ఈ తేడా కురుమ పెద్దలకు దూరం నుంచే తెలుస్తుంది. వాళ్ళలో ఒకరిని బృందంలో కూర్చోబెట్టుకోవడం మించిన శిక్షణ లేదు.

ప్రతి పశువును మూడు గడుల్లో ఒకదానిలో వేయండి: స్వచ్ఛం, కలిసినది, జాతి కానిది. అనుమానం వస్తే ఎప్పుడూ కింది గడిలోకే. ప్రేమకొద్దీ పైగడిలో వేసిన ప్రతి పశువూ ఆ జాతికి రావాల్సిన సాయాన్ని దూరం చేస్తుంది.

2. సర్కారు లెక్కను ఎలా చదవాలి

20వ పశుగణన 2019లో జరిగింది. దాని ఆధారంగా జాతివారీ నివేదిక కూడా వచ్చింది. 21వ పశుగణన 2024 అక్టోబరులో మొదలైంది. జిల్లా, మండల స్థాయి వివరాల కోసం మాసబ్ ట్యాంక్ శాంతినగర్‌లోని పశుసంవర్ధక శాఖ డైరెక్టరేట్‌కు రాతపూర్వకంగా అడగండి. ఊళ్ళ జాబితా తయారీకి ఈ లెక్క బాగా పనికొస్తుంది. ముప్పు తేల్చడానికి మాత్రం దీని ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. కారణాలు మూడు.

మొదటిది, 2013 నాటి జాతుల లెక్క నమూనా ఊళ్ళలో చేసిన సర్వే, 2019 నాటిది ఇంటింటి గణన. రెండింటినీ పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనడం చెల్లదు. పుంగనూరునే చూడండి. 2013 సర్వేలో స్వచ్ఛమైనవీ, కలిసినవీ కలిపి దాదాపు 2,800. 2019లో 13,000 పైన. ఆరేళ్ళలో నాలుగున్నర రెట్లు పెరగాలంటే ఏటా 29 శాతం చొప్పున పెరగాలి. నూరు పశువుల మందలో ఈడొచ్చిన ఆవులు యాభై ఉన్నాయనుకుంటే ఏడాదికి ముప్ఫై అయిదు దూడలు పుడితే గొప్ప. వాటిలో చచ్చిపోయేవి, ముసలివై పోయేవి తీసేస్తే, ఒక్కటి కూడా అమ్మకపోయినా 29 శాతం దాటదు. అంటే అక్కడ పెరిగింది ఎక్కువగా లెక్కే, ఆవు కాదు. లెక్కించే పద్ధతి మారింది, దానికి తోడు పుంగనూరు అనే పేరుకు గిరాకీ పెరిగింది. ప్రతి జాతి మీదా ఈ చిన్న పరీక్ష పెట్టండి: ఆ పెరుగుదల ఈతల (కాన్పుల) లెక్కకు అందుతుందా?

రెండోది, గణన కాగితంలో మగపశువుల అంకె కింద దుక్కిటెద్దులు, విత్తులు కొట్టినవి (సంతానం కలగకుండా చేసినవి), కోడెదూడలు అన్నీ చేరతాయి. విత్తనానికి పనికొచ్చేవి వాటిలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే ఉండొచ్చు.

మూడోది, 'పెరటి కోళ్ళు' అన్న అంకెలో నాటుకోడి జాతి అయిన అసీల్ ఎంతో, రాజేంద్రనగర్‌లో అభివృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి మెరుగు రకాలు ఎన్నో విడదీయలేం. ఆ రకాలు రైతుకు మేలు చేసేవే. కానీ నాటుకోడి లెక్కలో అవి కలిస్తే నాటుకోడి క్షేమంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

3. ఏ ఊళ్ళు, ఎన్ని ఇళ్ళు

జాతి ఉన్నట్టు తెలిసిన ఊళ్ళన్నీ రాసుకుని మూడు వలయాలుగా విడగొట్టండి. జాతి గుండె లాంటి ఊళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళు, అంచు ఊళ్ళు. గుండె ఊళ్ళలో ఒక్క ఇల్లూ వదలకుండా లెక్కించాలి. చుట్టుపక్కల ఊళ్ళలో సగం, అంచున నాలుగో వంతు చీటీలు తీసి ఎంచుకోవాలి. రోడ్డు పక్క ఊళ్ళు, తెలిసినవాళ్ళున్న ఊళ్ళు ఎంచుకుంటే లెక్క పక్కకు పోతుంది. రోడ్డుకు దగ్గరైన కొద్దీ ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేసేవాళ్ళు సులభంగా అందుతారు, సంకర దూడలు ఎక్కువగా ఉంటాయి.

ఇక్కడ ఒక ఊహా ఉదాహరణ పెట్టుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. గుండె ఊళ్ళు 10, అన్నీ చూశాం, ఈడొచ్చిన స్వచ్ఛమైన ఆవులు 640. చుట్టుపక్కల ఊళ్ళు 24, వాటిలో 12 చూశాం, 210 ఆవులు, రెండుతో హెచ్చిస్తే 420. అంచు ఊళ్ళు 40, చూసినవి 10, కనబడినవి 35, నాలుగుతో హెచ్చిస్తే 140. మొత్తం 1,200.

వలస మందలే అన్నిటికన్నా పెద్ద తలనొప్పి. మేత కోసం అడవికి, నది ఒడ్డుకు పోయిన మంద రెండుచోట్ల లెక్కకు రావచ్చు, ఎక్కడా రాకుండా పోవచ్చు. మందలు ఊరికి తిరిగొచ్చే నెల ఏదో కాపరులనే అడిగి ఆ రోజుల్లోనే వెళ్ళండి. చెవికి పసుపు రంగు ట్యాగు ఉంటే దాని 12 అంకెలూ రాసుకోండి. లేకపోతే యజమాని పేరు, తండా పేరు, మంద సైజు రాసుకుని సాయంత్రం అన్ని కాగితాలూ సరిచూడండి. అమ్రాబాద్ వైపు వెళ్ళేటప్పుడు లంబాడీ మాట్లాడగలిగే మనిషి బృందంలో లేకపోతే సగం సమాచారం చేజారుతుంది.

లెక్కించే వేళ పొద్దున మేతకు తోలకముందు, లేదా సాయంత్రం దొడ్డికి చేరాక. మధ్యాహ్నం ఇంటికెళ్ళి అడిగితే వచ్చేది నోటి లెక్క. నోటి లెక్కలో దూడలు, వట్టిపోయిన ఆవులు ఎగిరిపోతాయి.

4. ఇంటి దగ్గర ఏం అడగాలి, ఏం చూడాలి

"మీది పొడ తూర్పేనా అన్నా?" అని అడగొద్దు. అవునన్న జవాబే వస్తుంది. "ఈ ఆవు తల్లి ఎక్కడిది పెద్దయ్యా? పోయిన ఈత ఏ ఆంబోతుది? అంతకుముందు ఈత?" అని అడగండి. ప్రతి ఆవుకూ వెనకటి మూడు ఈతల వివరం రాసుకోవాలి: ఏ సంవత్సరం, మగదా ఆడదా, తండ్రి ఎవరు, దూడ ఇప్పుడెక్కడ ఉంది. ఉందా, చచ్చిందా, అమ్మేశారా, ఎవరికి అమ్మారు. ఒక్కో ఆవుకు నాలుగైదు నిమిషాలు పడుతుంది. సర్వే మొత్తంలో విలువైన పేజీ ఇదే, దీన్ని కుదించవద్దు.

వయసు పళ్ళను (పాలపళ్ళు రాలి వచ్చే పెద్ద పళ్ళను) బట్టి చూడాలి. నాటు ఆవుల్లో రెండు పళ్ళు రెండేళ్ళు దాటాక, నాలుగు పళ్ళు సుమారు మూడేళ్ళకు, ఆరు పళ్ళు నాలుగేళ్ళ చుట్టూ, నోరు నిండడం అయిదేళ్ళ దగ్గర. గొర్రెల్లో ఇదంతా ఏడాది నుంచి నాలుగేళ్ళ లోపే అయిపోతుంది. పళ్ళ లెక్కను వయసుల వారీగా వేసి చూస్తే జాతి భవిష్యత్తు కళ్ళముందు నిలుస్తుంది. నోరు నిండిన ఆవులే ఎక్కువగా ఉండి రెండు, నాలుగు పళ్ళ పెయ్యలు పలచగా ఉంటే, ఈరోజు అంకె ఎంత బాగున్నా పదేళ్ళలో అది పడిపోతుంది.

చివరగా యజమాని వయసు, ఇంట్లో ఇంకెవరైనా మంద వెంట పోతున్నారా అన్నది తప్పక రాయండి. అరవై దాటిన కాపరి, పట్నంలో పనిచేసే కొడుకు ఉన్న ఇంటి మంద ఎప్పుడైనా ఒక్క అంగడి రోజులో చెల్లాచెదురైపోవచ్చు.

5. మగవాటి లెక్క: అసలు గుట్టు ఇక్కడే

విత్తనపు మగది అంటే ఈ రెండేళ్ళలో ఆ జాతి ఆడవాటిని నిజంగా దాటినది. విత్తులు కొట్టిన ఎద్దు రాదు, దేవుడి పేరున వదిలిన ఆంబోతు వస్తుంది, విత్తులు కొట్టేలోపు మందలో తిరిగే కోడె కూడా వస్తుంది. చాలా మందల్లో దూడలకు తండ్రులు ఈ కుర్ర కోడెలే. వాటిని వదిలేస్తే లెక్క తక్కువొస్తుంది. వాటన్నిటినీ పెద్ద ఆంబోతులతో సమానంగా వేస్తే ఎక్కువొస్తుంది. ఏడాదిన్నర దాటి మందలో ఉన్నవాటిని వేరే గడిలో రాసి, కాపరి చెప్పిన దూడల్లో వాటి వాటా చూసి నిర్ణయించండి.

మన ఉదాహరణలో గుండె ఊళ్ళలో 14 ఆంబోతులు, చుట్టుపక్కల చూసిన ఊళ్ళలో 3, అంచున 1 కనబడ్డాయి. కళ్ళారా చూసినవి 18. హెచ్చింపులు వేస్తే 14, 6, 4 కలిపి 24. అంచున కనబడిన ఒక్కదాన్ని నాలుగు చేయడం బలహీనమైన అంచనా. అందుకే 18 నుంచి 24 అని రాయాలి, తీర్పు మాత్రం 18 మీద ఇవ్వాలి.

ఇప్పుడు ప్రభావ సంఖ్య, అంటే తలలు ఎన్నున్నా రక్తం విషయంలో జాతి నిజానికి ఎన్ని పశువుల మీద నడుస్తోందో చెప్పే అంకె. మగ, ఆడ సంఖ్యలను గుణించి నాలుగు రెట్లు చేసి, వాటి మొత్తంతో భాగించాలి. నాలుగు సార్లు 18 సార్లు 1,200 అంటే 86,400. దాన్ని 1,218తో భాగిస్తే 71. ప్రతి తరంలో దగ్గరి రక్తం (రక్తసంబంధమున్న పశువులు జతకట్టడం వల్ల కలిసేది) ఎంత పెరుగుతుందో తెలియాలంటే ఒకటిని ఈ సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి. ఒకటి బై 142, అంటే 0.7 శాతం. ప్రభావ సంఖ్య 50కి పడితే తరానికి ఒక శాతం. ఆ గీత దాటితే దూడల మరణాలు, చూడి నిలవకపోవడం, అవకరాలు పెరిగే అవకాశం గట్టిగా ఉంటుందని పశు జన్యుశాస్త్రం చెబుతుంది.

ఈ సూత్రంతో కాసేపు ఆడుకోండి, విషయం బోధపడుతుంది. ఆవులను 1,200 నుంచి 780కి తగ్గించినా ప్రభావ సంఖ్య 71 నుంచి 70 అవుతుంది, అంతే. ఆంబోతులను 18 నుంచి 36కు పెంచితే 140కి చేరుతుంది. జాతిని కాపాడాలంటే డబ్బు మొదట ఎక్కడ పెట్టాలో ఈ రెండు అంకెలు చెప్పేస్తాయి.

ఇక ఇందులో ఉన్న మోసం. ఈ సూత్రం ప్రతి ఆంబోతుకూ సమాన సంతానం ఉంటుందని, అవన్నీ వేర్వేరు రక్తమని అనుకుంటుంది. ఊళ్ళో అలా ఉండదు. ఆ పద్ధెనిమిదిలో సగం ఒకే పాత ఆంబోతు కొడుకులైతే, పని అంతా తొమ్మిదే చేస్తున్నట్టు లెక్క వేసి చూడండి: ప్రభావ సంఖ్య 36, తరానికి 1.4 శాతం. అందుకే ప్రతి ఆంబోతుకూ తండ్రి ఎవరో, ఎక్కడ కొన్నారో రాసుకోవడం తప్పనిసరి. ఎద సూది విషయంలో ఇది ఇంకా తీవ్రం. రెండు ఆంబోతుల వీర్యంతో వెయ్యి ఆవులను చూడి కట్టిస్తే కాగితం మీద జాతి పెరుగుతుంది, లోపల ప్రభావ సంఖ్య ఎనిమిది దాటదు.

గొర్రెల్లో మందకు ఒకే పొట్టేలును ఏళ్ళ తరబడి ఉంచితే అది తన కూతుళ్ళనే దాటుతుంది. మందల మధ్య పొట్టేళ్ళ మార్పిడి జరుగుతోందా, జరిగితే ఎన్నేళ్ళకోసారి అన్నది అడగండి. మార్పిడి ఉన్న పాతిక మందలు, మార్పిడి లేని యాభై మందల కన్నా మేలు.

6. స్వజాతి దాటింపు: జాతి ఎటు పోతోంది

మూడు ఈతల పేజీ ఇప్పుడు పనికొస్తుంది. స్వచ్ఛమైన ఆవుల ఈతల్లో తండ్రి కూడా అదే జాతి అయినవి ఎన్ని శాతం? మన ఉదాహరణలో వివరం తెలిసిన 180 ఈతల్లో 117, అంటే 65 శాతం. తండ్రి ఎవరో తెలియనివాటిని భాగహారంలోకి తీసుకోకూడదు, కానీ అవి ఎన్నో నివేదికలో చెప్పాలి.

ఒక ఆవు తన జీవితంలో తన స్థానాన్ని నింపే ఒక పెయ్యనైనా వదిలి వెళ్ళాలి. ఆవు సగటున ఆరు ఈతలు ఈనుతుంది అనుకుందాం. వాటిలో 65 శాతం స్వజాతి, అంటే 3.9. సగం ఆడవి, 1.95. వాటిలో పది పెయ్యలకు ఎనిమిది తొలి ఈత దాకా బతుకుతాయి, 1.56. బతికినవాటిలో పదికి ఏడు ఆ ప్రాంతంలోనే ఉండిపోతాయి, 1.09. ఒకటికి కాస్త పైన, అంటే ఒడ్డున నిలబడి ఉంది. స్వజాతి దాటింపు 65 నుంచి 55కి పడితే అదే లెక్క 0.92 అవుతుంది. అక్కణ్ణుంచి జాతి తనను తాను నింపుకోలేదు, ఎన్ని ఆవులు కళ్ళముందు తిరుగుతున్నా సరే.

ఈ గొలుసులో ఏ లంకె బలహీనంగా ఉందో చూస్తే మందు ఏదో తెలుస్తుంది. దూడలు చస్తుంటే పశువైద్యం, టీకాలు. పెయ్యలు అమ్ముడుపోతుంటే కొనేవారెవరో కనుక్కోవాలి. దాటింపు పడిపోతుంటే ఆంబోతులు అందుబాటులో లేవా, లేక రైతే వద్దనుకుంటున్నాడా అని వేరుచేయాలి.

తెలంగాణలో గొర్రెల విషయంలో ఈ మెట్టు మరీ ముఖ్యం. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు 75 శాతం సబ్సిడీతో ఇచ్చారు. గొల్ల, కురుమ కుటుంబాలకు అది ఆసరా అయింది. గొర్రెలను మాత్రం పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చారు. కాబట్టి దక్కనీ మందలున్న ఊళ్ళో సర్వే చేసేటప్పుడు 2017కు ముందు నుంచి ఉన్న మంద ఏది, తర్వాత వచ్చిన పొట్టేలు ఎవరి గొర్రెలను దాటింది అని విడిగా అడగకపోతే లెక్క అర్థంలేనిది అవుతుంది.

7. తగ్గే వేగం

ఒక్క ఏడాది లెక్కతో వేగం తెలియదు. పాత సర్వే అదే పద్ధతిలో జరిగి ఉంటే మంచిదే. లేకపోతే కాపరుల జ్ఞాపకమే దిక్కు. "పదేళ్ళ కింద ఎన్నుండేవి?" అంటే ఎవరూ సరిగా చెప్పలేరు. "తెలంగాణ వచ్చిన ఏడు మీ దొడ్డిలో ఎన్ని ఉండె? కరోనా ఏడు?" అని అడగండి, ఒక్కో ఆవు పేరుతో సహా గుర్తుచేసుకుంటారు. మంద పూర్తిగా అమ్మేసిన ఇళ్ళను కూడా వెతికి అడగాలి. ఇంకా పశువులున్న ఇళ్ళనే అడిగితే, తగ్గుదల ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది.

గుండె ఊళ్ళలో పదేళ్ళ కింద 900, ఇప్పుడు 640 అనుకుంటే ఏటా దాదాపు 3.4 శాతం తగ్గుదల. ఇదే వేగంతో 1,200 ఆవులు 300కు పడడానికి సుమారు 40 ఏళ్ళు, అంటే ఆవుల్లో ఆరేడు తరాలు. తీరిక చాలా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ పై మెట్టులో చూసినట్టు స్వజాతి దాటింపు పడిపోయాక వేగం మారిపోతుంది.

8. ఎంత మేరలో ఉన్నాయి, ఎందుకు తగ్గుతున్నాయి

జాతిలో నాలుగింట మూడు వంతులు ఎన్ని కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఉన్నాయో పటం మీద వృత్తం గీయండి. వృత్తం చిన్నదైతే ఒక్క గాలికుంటు విజృంభణ, ఒక్క కరువు, ఒక్క ఆంక్ష మొత్తం జాతిని తాకుతుంది. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వచ్చినప్పుడు ఒకే ప్రాంతంలో కేంద్రీకృతమైన హెర్డ్‌విక్ గొర్రెల జాతే ప్రమాదంలో పడింది. పొడ తూర్పు కూడా ఇలా ఒక్క పీఠభూమి చుట్టూ ఉన్న జాతి, దాని మేత అడవి పులుల అభయారణ్యం. మేత హక్కుల్లో వచ్చే ఏ మార్పైనా ముప్పు కింద నమోదు చేయాలి.

కారణాలను ఊహించి రాయకండి, ఇళ్ళ దగ్గర విన్నవాటిని లెక్కించండి. ట్రాక్టరు వచ్చి ఎద్దులకు గిరాకీ పోవడం, జొన్న పోయి పత్తి రావడంతో చొప్ప దొరక్కపోవడం, వరికోత యంత్రంతో గడ్డి పాడవడం, గొంగడికి, ఉన్నికి ధర లేకపోవడం, కాపరి దొరక్కపోవడం తరచుగా వినబడేవి. కురుమూర్తి జాతర లాంటి చోట కోడెల ధరలు అడిగి రాసుకోండి. కోడెకు మంచి ధర ఉన్నన్నాళ్ళు రైతు ఆ ఆవును ఉంచుకుంటాడు. గొర్రెలకైతే జియాగూడ మండిలో ఆడవాటి రాక ఏ నెలల్లో పెరుగుతుందో చూడటం పనికొచ్చే సూచన.

9. ఏ తరగతిలో వేయాలి

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013 మార్గదర్శకాల ప్రకారం ఆవు, గేదె, గొర్రె, మేక, గాడిద లాంటి నిదానంగా పెరిగే జంతువుల్లో ఈనే ఆడవి 300 లేదా అంతకన్నా తక్కువ ఉంటే అత్యంత ప్రమాదం, 3,000 లోపు అయితే ప్రమాదం, 6,000 లోపు అయితే బలహీనం. కోళ్ళు, పందుల లాంటి త్వరగా పెరిగేవాటికి ఈ హద్దులు 100, 1,000, 2,000. విత్తనపు మగవి 5 లేదా తక్కువైతే అత్యంత ప్రమాదం, 20 దాకా ప్రమాదం, 35 దాకా బలహీనం. ఆడవాటి లెక్క ఒకటి, మగవాటి లెక్క ఇంకొకటి చెబితే రెండింటిలో చెడ్డదే తీర్పు. సంఖ్య తగ్గుతూ, స్వజాతి దాటింపు 80 శాతం కన్నా తక్కువైతే ఇంకాస్త కఠినంగా చూడాలి.

మన ఉదాహరణ జాతి ఆడవాటి లెక్కలో ప్రమాదంలో ఉంది, 18 మగవాటి లెక్కలోనూ అంతే. 65 శాతం దాటింపు, ఏటా 3.4 శాతం తగ్గుదల కలిస్తే దాన్ని 'ప్రమాదం, దిగజారుతోంది' అని రాయాలి.

సర్కారీ ఫారంలో మంద, శీతలీకరించిన వీర్యం ఉంటే 'సంరక్షణలో' అన్న మాట చేర్చవచ్చు. పుంగనూరుకు పలమనేరులో, ఒంగోలుకు గుంటూరు లాం ఫారంలో మందలున్నాయి. అయితే ఫారంలో ఎన్ని ఆంబోతుల రక్తం ఉందో అడగకుండా ఆ మాట చేర్చకండి. వీర్యం నిల్వ చేస్తే కనీసం 25 వేర్వేరు మగవాటిది ఉండాలన్నది సాధారణ సూచన.

ఒంగోలు విషయంలో ఇంకో సంగతి. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో ఈ రక్తం కోట్ల పశువుల్లో ఉంది. ప్రపంచం మొత్తం చూస్తే ముప్పు లేదు. కానీ అక్కడ అది మాంసానికి పెంచిన పశువు, ఇక్కడిది ప్రకాశం, గుంటూరు రేగడి నేలల్లో దుక్కికీ పాలకూ తీర్చిదిద్దినది. మాతృభూమిలోని లెక్కను విడిగా తేల్చి విడిగానే రాయండి.

10. డీఎన్‌ఏ పరీక్ష ఎప్పుడు

మొదటి రోజే అవసరం లేదు. గుర్తులతో తేలనప్పుడు, లేదా కొత్త జాతిగా నమోదుకు పంపాలనుకున్నప్పుడు చేయించాలి. ఒకదానికొకటి సంబంధం లేని 40 నుంచి 50 పశువుల రక్తం, వీలైనన్ని ఎక్కువ ఊళ్ళ నుంచి, ఒక్కో మందకు ఒకటి రెండుకు మించకుండా తీయించాలి. తీసేది పశువైద్యుడే కావాలి, యజమాని అనుమతి రాతలో ఉండాలి. ఊదామూత ఈడీటీఏ గొట్టంలో (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు ఉన్నది) తీసిన వెంటనే ఎనిమిదీ పదిసార్లు నెమ్మదిగా తిప్పాలి, లేకపోతే రక్తం గడ్డకట్టి నమూనా పోతుంది. ఐస్ డబ్బాలో పెట్టి తేవాలి, గొట్టం నేరుగా ఐస్ గడ్డను తాకకూడదు.

11. నివేదిక

నాలుగైదు పేజీలు చాలు. మొదటి పేజీలో తరగతి, ఆడవాటి సంఖ్య, మగవాటి సంఖ్య, ప్రభావ సంఖ్య, స్వజాతి దాటింపు శాతం, తగ్గుదల వేగం, వృత్తం వ్యాసార్ధం. చూసినది ఏది, హెచ్చించి రాసినది ఏది అన్నది పక్కపక్కన ఉండాలి. యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు నివేదికలో ముద్రించవద్దు. అరుదైన జాతి అని పేరు పడగానే కొనేవాళ్ళు ఆ ఇళ్ళకే వస్తారు. 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో పుంగనూరు ఆవుల ఫొటోలు వచ్చాక ఆ జాతి ఎంత చర్చనీయమైందో అందరం చూశాం. మంచి పెయ్యలు ఊరు దాటిపోతే ఆ అంచనా జాతికి చేటే చేస్తుంది.

ప్రతులు జిల్లా పశుసంవర్ధక అధికారికి, రాష్ట్ర డైరెక్టరేట్‌కు, కర్నాల్ బ్యూరోకు పంపండి. ఒకటి తెలుగులో రాయించి ఊరి పెద్దల దగ్గర చదివి వినిపించండి. వాళ్ళు తప్పని చెప్పిన అంకెను మళ్ళీ వెళ్ళి చూసి సరిచేయాలి. అంతర్జాతీయ జాబితాలో పదేళ్ళుగా కొత్త లెక్క అందని జాతిని 'తెలియదు' అనే గడిలోకి నెట్టేస్తారు. అంతదాకా ఆగకుండా ఆవు, గేదెలకు అయిదేళ్ళకోసారి, గొర్రె, మేకలకు మూడేళ్ళకోసారి, కోళ్ళకు రెండేళ్ళకోసారి అవే ఊళ్ళలో, అవే ప్రశ్నలతో మళ్ళీ లెక్కించండి. అత్యంత ప్రమాదంలో ఉన్న జాతికి మాత్రం ఆంబోతుల జాబితాను ఏటా సరిచూడాలి, ఎందుకంటే అయిదే మిగిలినచోట ఒక్కటి చచ్చినా వెంటనే తెలియాలి.